చేతిలో లేని వాటా: నెల్లూరు తీరం, నాలుగు శతాబ్దాల బేరం

నెల్లూరు నుంచి తూర్పుగా మైపాడు రోడ్డు పట్టుకుంటే ఇందుకూరుపేట వస్తుంది. అది దాటి పోతే మైపాడు, ఆ తర్వాత సముద్రం. ఒడ్డు వెంబడి దక్షిణానికి దిగితే తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలు, కృష్ణపట్నం రేవు. ఇంకా దిగితే దుగరాజపట్నం, పులికాట్ సరస్సు, సరస్సు దక్షిణపు కొసన తమిళనాడు ఎల్లలో పులికాట్ పట్నం. వరిమళ్లు, రొయ్యల గుంటలు, చేపల పడవలు ఉన్న ఈ తీరానికి షేర్ మార్కెట్‌లో అన్నిటికన్నా ఎక్కువ నిందలు మోసిన బేరంతో 400 ఏళ్ల చుట్టరికం ఉంది. చేతిలో లేని షేరును ముందే అమ్మి, ధర పడ్డాక కొని అప్పగించే ఆ పద్ధతిని ఇవాళ షార్ట్ సెల్లింగ్ అంటున్నాం. చరిత్రలో నమోదైన తొలి షార్ట్ సెల్లింగ్ 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. అప్పుడు అమ్ముడైనది ఈ తూర్పు తీరపు నేతగుడ్డలతో వ్యాపారం చేసిన డచ్ ఈస్టిండియా కంపెనీ వాటా. మన కాలంలో దేశమంతా మాట్లాడుకున్న షార్ట్ సెల్లింగ్ 2023 నాటిది. అప్పుడు ధర కూలిన కంపెనీల్లో కృష్ణపట్నం రేవును నడిపే కంపెనీ ఒకటి.

ఈ రెండు ఘటనల మధ్య ఇదే జిల్లాలో రొయ్యల కంపెనీలు, హైదరాబాద్‌లో ఒక బ్యాంకు, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ కుప్పకూలాయి. అన్నిటినీ ఒక వరసలో పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకే ప్రశ్న. కంపెనీ లోపల ఏం జరుగుతోందో కొందరికి ముందే తెలుస్తుంది. ఆ తెలిసిన సంగతి ధరలోకి చేరడానికి దారి ఏది? ఆ దారిలో నడిచేవాణ్ని దొంగగా చూడాలా, సాక్షిగా చూడాలా?

ముందు ఈ బేరం ఎలా నడుస్తుందో చెప్పాలి. పల్లెల్లో వడ్లు నాగుకు తీసుకోవడం పాతకాలపు అలవాటు. ధాన్యం కరువైన నెలల్లో ఆసామి దగ్గర పుట్టి వడ్లు తీసుకుంటే, కోతలయ్యాక పుట్టి వడ్లూ, మీద నాగూ కలిపి కొలిచి ఇవ్వాలి. తీసుకున్నది గింజ, తిరిగి ఇవ్వాల్సిందీ గింజే. మధ్యలో దాని ధర ఎంతన్నది ఆసామికి పట్టదు. తీసుకున్నవాడు ఆ వడ్లను వండుకోకుండా మంచి ధరకు అమ్మి, కోతల్లో ధర పడ్డాక కొని అప్పు తీర్చాడనుకోండి, తేడా అతనికి మిగులుతుంది. ధర పడకపోగా పెరిగితే ఇల్లు గుల్లవుతుంది. షేర్ల విషయంలోనూ లెక్క ఇదే. 500 రూపాయల దగ్గర 100 షేర్లు అప్పు తెచ్చి అమ్మినవాడు 420కి కొని తిరిగిచ్చేస్తే 8,000 మిగులుతుంది, అందులోంచి అప్పు రుసుము కట్టాలి. ధర 650 అయితే 15,000 పోతుంది. షేరు పూర్తిగా సున్నా అయినా అతనికి దక్కేది 50,000కు మించదు. నష్టానికి మాత్రం హద్దు లేదు, ఎందుకంటే ధర ఎంతవరకు పెరుగుతుందో ఎవరూ గీత గీయలేరు. అందుకే ధర ఎగబాకినప్పుడు షార్ట్ చేసినవాళ్లంతా ఒక్కసారిగా కొనడానికి పరుగెడతారు, ఆ పరుగే ధరను ఇంకా పైకి తోస్తుంది. మార్కెట్ భాషలో దీన్ని షార్ట్ స్క్వీజ్ అంటారు.

అప్పు తెచ్చి అమ్మడం ఒకటి. అప్పు కూడా తేకుండా, అప్పగించే ఏర్పాటేదీ లేకుండా అమ్మడం మరొకటి. దీన్ని నేకెడ్ షార్ట్ సెల్లింగ్ అంటారు. నీతి గురించిన వాదనల్లో ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

డచ్ కంపెనీ 1602 మార్చి 20న పుట్టింది. దాని మూలధనం దాదాపు 64 లక్షల గిల్డర్లు. ఆ ఏడాది ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో చందాల పుస్తకం తెరిచారు. ఆ నగరంలో 1,143 మంది పేర్లు రాయించుకున్నారు. ఐజాక్ లెమేర్ అనే పెద్ద వర్తకుడు 85,000 గిల్డర్లు రాయించగా, వాన్ ఓస్ ఇంట్లో పనిచేసే నేల్ట్‌గెన్ కార్నెలిస్ అనే ఆమె 100 గిల్డర్లు పెట్టింది. వాటాకు కాగితం అంటూ ఉండేది కాదు, కంపెనీ ఖాతా పుస్తకంలో పేరు మాత్రమే. అమ్మేవాడూ కొనేవాడూ కంపెనీ కార్యాలయానికి వెళ్లి, ఇద్దరు డైరెక్టర్ల ఆమోదంతో పేరు మార్పించుకోవాలి. ఇదంతా శ్రమ గనుక, వచ్చే ఏడాది ఫలానా తేదీన ఫలానా ధరకు అప్పగిస్తానని ముందస్తు ఒప్పందాలు రాసుకోవడం మొదలైంది. అప్పగించే రోజుకు వాటా ఉంటే చాలు, ఒప్పందం రాసే రోజుకు ఉండనక్కర్లేదు. షార్ట్ సెల్లింగ్ పుట్టుక ఇక్కడే.

ఆ కంపెనీ ఓడలు 1605లో మచిలీపట్నం చేరాయి. మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను నుంచి అనుమతి పొంది మచిలీపట్నంలో, నిజాంపట్నంలో స్థావరాలు పెట్టారు. 1610లో చంద్రగిరి ఏలుతున్న వేంకటపతి రాయల అనుమతితో పులికాట్‌కు వచ్చారు, 1613 నాటికి అక్కడ గెల్డ్రియా కోట లేచింది. మిరియం, లవంగం, జాజికాయ దొరికే తూర్పు దీవుల్లో వెండి కన్నా ఈ తీరపు గుడ్డకు గిరాకీ ఎక్కువ. ఇక్కడి గుడ్డ లేకపోతే అక్కడి సుగంధ ద్రవ్యాల వ్యాపారమే సాగదని కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు. నిజాంపట్నానికీ పులికాట్‌కూ నడుమ సాగిన తీరంలోనే నెల్లూరు తీరం ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో చేతులు మారిన వాటా విలువలో ఈ నేలమీది మగ్గం పని కొంత కలిసే ఉంది. ఆ సంగతి మగ్గం ముందు కూర్చున్నవాడికి తెలిసే వీలు లేదు.

లెమేర్ మొదట కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. ఓడల ఖర్చుల లెక్కల మీద తగవు వచ్చి 1605లో బయటికి వచ్చాడు. పోటీ వ్యాపారం చేయనని అతనితో రాయించుకున్నారు. 1609 జనవరి 24న అతను హాలండ్ రాజకీయాల్లో అప్పటికి అత్యంత శక్తిమంతుడైన ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు ఒక అర్జీ పెట్టాడు. కంపెనీ తన వ్యాపార హక్కును సరిగ్గా వాడుకోవడం లేదనీ, ధనాన్ని వాటాదారుల మేలుకు కాక వేరే పనులకు వెచ్చిస్తోందనీ దాని సారాంశం. వాటాదారు ఒకరు కంపెనీ యాజమాన్యాన్ని నిలదీసిన తొలి లిఖిత ఉదాహరణగా చరిత్రకారులు దీన్ని చెబుతారు. అదే ఏడాది అతను మరికొందరితో రహస్య కూటమి కట్టాడు, అందులో హాన్స్ బౌవర్ ముఖ్యుడు. కంపెనీ వాటాలను తమ దగ్గర లేకున్నా ముందస్తు ఒప్పందాల మీద అమ్ముతూ పోయారు. 1607లో ముఖవిలువకు రెట్టింపు పలికిన వాటా బాగా దిగివచ్చింది.

లెమేర్‌ను సత్యసంధుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అదే సమయంలో అతను ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ తరఫున పోటీ ఈస్టిండియా కంపెనీ పెట్టే మంతనాల్లో ఉన్నాడు. పాత పగ ఉంది, కొత్త లాభం మీద ఆశ ఉంది. ధర దించే వార్తలను కూటమే పుట్టించి ప్రచారం చేసిందని డైరెక్టర్లు ఆరోపించారు. వితంతువులు, అనాథలు దాచుకున్న సొమ్ము పోతోందని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. ధర పడింది తమ అమ్మకాల వల్ల కాదు, కంపెనీ వ్యవహారాలు బాగాలేకనే అని అవతలి పక్షం జవాబిచ్చింది. 1610 ఫిబ్రవరి 27న ప్రభుత్వం శాసనం తెచ్చింది. తన పేరున ఖాతాలో లేని వాటాను ఎవరూ అమ్మరాదు, అమ్మినదాన్ని నెల లోపల పేరు మార్పించాలి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. వాటాదారులకు అంతవరకూ పైసా పంచని కంపెనీ 1610లోనే తొలి డివిడెండ్ ప్రకటించింది. డబ్బు చాలక చాలాభాగాన్ని జాపత్రి రూపంలో, మిరియాల రూపంలో ఇచ్చింది. ధర లేచింది. కూటమిలో పలువురు దివాలా తీశారు. లెమేర్ ఆమ్‌స్టర్‌డామ్ వదిలి ఎగ్మాండ్ అనే ఊరికి వెళ్లిపోయాడు. 1624లో చనిపోయినప్పుడు అతని సమాధి రాతి మీద, 30 ఏళ్లలో భారీ సొమ్ము పోగొట్టుకున్నా పరువు మాత్రం నిలుపుకున్నాడని చెక్కించారు. మరి అతను అడిగిన లెక్కలు? పదేళ్లకు ఒకసారి, అంటే 1612లో, లెక్కలు తేల్చి వాటాదారుల ముందు పెట్టాలన్నది కంపెనీ స్థాపన పత్రంలోనే ఉన్న షరతు. ఆ గడువు వచ్చింది, పోయింది. లెక్కలు బయటికి రాలేదు. అమ్మినవాడి నోరు శాసనంతో మూతపడింది, లెక్కల పుస్తకం మాత్రం ఎవరూ తెరిపించలేదు.

నిషేధం బేరాన్ని ఆపిందా అంటే, లేదు. 17వ శతాబ్దమంతా ఆ శాసనాన్ని మళ్లీ మళ్లీ ప్రకటించవలసి వచ్చిందంటేనే దాన్ని ఎవరూ లెక్కచేయలేదని అర్థం. కోర్టులో చెల్లని ఒప్పందాలు మాట మీద నడిచాయి. నష్టం వచ్చినప్పుడు కొన్నవాడు ఆ శాసనాన్నే అడ్డం పెట్టుకుని ఒప్పందం ఎగ్గొట్టేవాడు. ఇంగ్లండు 1734లో ఇలాంటి చట్టమే చేసి, 1860లో రద్దు చేసుకుంది. 2008 సెప్టెంబరులో అమెరికా 799 ఆర్థిక సంస్థల షేర్ల మీద షార్ట్ సెల్లింగ్ నిషేధించింది. కొన్ని వారాలకు ఎత్తేశాక, దాని వల్ల కలిగిన మేలు కన్నా చెరుపే ఎక్కువని అప్పటి నియంత్రణ సంస్థ అధిపతి క్రిస్టఫర్ కాక్స్ అంగీకరించాడు.

బొంబాయిలో ఈ బేరానికి సొంత సంప్రదాయం ఉండేది. ధర పెరుగుతుందని కొనేవాడు తేజీవాలా, పడుతుందని అమ్మేవాడు మందీవాలా. లెక్క తీర్చే రోజున డబ్బు లేనివాడు రుసుము కట్టి కొనుగోలును తర్వాతి గడువుకు జరుపుకోగలిగేవాడు, షేరు లేనివాడు అమ్మకాన్ని జరుపుకోగలిగేవాడు. దీని పేరు బద్లా. అప్పుకూ అప్పగింతకూ నడుమ గీత చెరిపేసిన ఏర్పాటు అది. 1982లో కలకత్తా మందీవాలాలు రిలయన్స్ షేరును పెద్ద ఎత్తున అమ్మారు. అవతల కొన్నవాళ్లు బద్లాకు ఒప్పుకోక, షేర్లు చేతికి కావాలని పట్టుబట్టారు. అమ్మినవాళ్ల దగ్గర షేర్లు లేవు. బొంబాయి ఎక్స్చేంజిని మూడు రోజులు మూసివేయాల్సి వచ్చింది. మందీవాలా బలహీనత ఎక్కడుందో ఆ మూడు రోజులు చూపించాయి. అతని మాట నిజమా కాదా అని తేలేలోపే, అప్పగించమని అడిగితే చాలు, అతను మునిగిపోవచ్చు.

2001 మార్చిలో ఈ కథకు తెలుగు నేలతో ముడి పడింది. బడ్జెట్ తర్వాత మార్కెట్ కూలింది. మందీ ముఠా పనే ఇదని గోల లేచింది. మార్చి 7న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ షార్ట్ సెల్లింగ్‌ను నిషేధించింది, జూలైలో బద్లాకు స్వస్తి పలికారు. దర్యాప్తులో మాత్రం బయటపడింది ధర దించినవాళ్ల కన్నా ధర పెంచినవాళ్ల పని. షేర్ బ్రోకర్ కేతన్ పారేఖ్ అహ్మదాబాదులోని మాధవ్‌పురా సహకార బ్యాంకు సొమ్ముతో షేర్లను ఎగదోశాడని తేలి, మార్చి నెలాఖరులో అరెస్టయ్యాడు. అతని పేరుతో ముడిపడి నలిగినవాటిలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ కూడా ఉంది. యూటీఐ బ్యాంకుతో దాని విలీనం, షేరు ధరను కృత్రిమంగా పెంచారన్న ఆరోపణల మధ్య రద్దయింది. 2004 జూలై 24న ఆ బ్యాంకు మీద మారటోరియం పెట్టి, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపారు. డిపాజిటర్లు గట్టెక్కారు. వాటాదారులకు ఏమీ మిగల్లేదు. ధర దిగితే వెంటనే నేరస్థుణ్ని వెతికే మనం, ధర ఎక్కుతున్నప్పుడు అది ఎవరి డబ్బుతో ఎక్కుతోందని అడగం. 2001 నిషేధం ఆ అలవాటుకు నిలువెత్తు సాక్ష్యం.

నెల్లూరు తీరం సంగతికి వస్తాను. 1980ల చివర టైగర్ రొయ్య సాగు మొదలై, 1990ల తొలి ఏళ్లలో వెల్లువైంది. వరి పండే పొలాలు గుంటలయ్యాయి. ఆసాములతో పాటు కంపెనీలూ దిగాయి. పబ్లిక్ ఇష్యూలతో జనం దగ్గర డబ్బు సమీకరించి వందల ఎకరాల్లో చెరువులు తవ్వాయి. దరఖాస్తు ఫారాల మీద రొయ్య బొమ్మ, ఎగుమతి డాలర్ల లెక్క ఉండేవి. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చింది. దాని గుర్తులు ఈ ప్రాంతంలో తెలియనివాళ్లుండరు. పొద్దున చెక్ ట్రే పైకి లాగితే మేత అలాగే ఉంటుంది, రొయ్య గట్టువారకు చేరి నీటిపైన తేలాడుతుంది, పెంకు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. వారం పది రోజుల్లో గుంట ఖాళీ. ఆ ట్రే లాగే కూలీకి ఆ ఉదయమే తెలిసిపోయే సంగతి హైదరాబాద్, మద్రాసు, బొంబాయి ఎక్స్చేంజిల్లో షేరు పట్టుకున్నవాడికి తెలిసేది అర్ధ సంవత్సరపు లెక్కలు వచ్చాకే, అది కూడా కంపెనీ చెబితేనే. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమని తీర్పునిచ్చేసరికి చాలా కంపెనీల కథ ముగిసింది. ఇంటి పెట్టెల్లో షేర్ సర్టిఫికెట్లు మిగిలాయి. ఆ చిన్న షేర్లను అప్పు తెచ్చుకుని అమ్మే ఏర్పాటు ఏదీ అప్పట్లో లేదు. అమ్మినవాడెవడూ వాటిని కూల్చలేదు. ఎవరూ ముందుగా అమ్మి హెచ్చరించనందువల్ల, రోగం సంగతి తెలిసేలోగా కొత్తవాళ్లు పాత ధరకే కొంటూ పోయారు. షార్ట్ సెల్లర్ లేని మార్కెట్ అమాయకులకు క్షేమమనేవాళ్లు ఆ సర్టిఫికెట్ల సంగతి గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం విషయం ఇంకా లోతైనది. 1987లో పుట్టిన ఆ కంపెనీ షేరు న్యూయార్క్ ఎక్స్చేంజిలోనూ నమోదైంది. 2001 నవంబరులో మన దేశంలో షేర్ల ఫ్యూచర్స్ మొదలైనప్పుడు ఆ తొలి జాబితాలో సత్యం ఉంది. అంటే ధర పడుతుందని నమ్మినవాడు ఫ్యూచర్స్ అమ్మే వీలుంది. అయినా ఏడేళ్లపాటు బ్యాంకులో లేని డబ్బు ఉన్నట్టు రాసిన లెక్కలను మార్కెట్ నమ్మింది. 2008 సెప్టెంబరులో మంచి కార్పొరేట్ పాలనకు ఆ కంపెనీకి పురస్కారం కూడా ఇచ్చారు. డిసెంబరు 16న కంపెనీ అధిపతి రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది. నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ముందురోజు 179 రూపాయల దరిదాపుల్లో ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 దిగువకు చేరింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా 10 మందిని దోషులుగా తేల్చి 7 ఏళ్ల శిక్ష విధించింది. అప్పీలు దశలో వారికి బెయిలు దొరికింది.

ఇక్కడ ఒక అంకె దగ్గర ఆగాలి. 2001 మార్చిలో 25 శాతం దాటి ఉన్న ప్రమోటర్ల వాటా 2008 మార్చి నాటికి 9 శాతం లోపుకు దిగింది. లోపలి నిజం తెలిసిన కుటుంబం చేతిలోంచి, ఏమీ తెలియని జనం చేతుల్లోకి ఆ షేర్లు ఏడేళ్లపాటు జారుతూ వచ్చాయి. అవన్నీ సొంత షేర్లే. చేతిలో ఉన్నవే, అప్పు తెచ్చినవి కావు. లేని వాటాను అమ్మడం పాపమనే సూత్రం ఈ అమ్మకాలను తాకదు. ఉన్న వాటానే, దాని వెనక డబ్బు లేదని తెలిసి అమ్మడం అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద తప్పు. కాబట్టి అమ్మినవాడి చేతిలో షేరు ఉందా లేదా అన్నదాన్ని బట్టి నీతి తేలదని నా అభిప్రాయం. తనకు తెలిసింది అతను దాచాడా, బయట పెట్టాడా, చెప్పింది నిజమా, కల్పించిందా, అప్పగిస్తానన్నది అప్పగించాడా. చూడాల్సినవి ఇవి.

ఇంకొకరి నష్టంలో లాభం వెతుక్కుంటాడన్న అభ్యంతరం మాటకు వస్తే, ఎక్కువ ధరకు అమ్మి బయటపడే ప్రతి వాటాదారూ ఆ పనే చేస్తున్నాడు. గట్టిగా నిలిచే అభ్యంతరం వేరు. ధర పడితేనే లాభం గనుక, పడేలా చేయాలన్న తహతహ అతనికి ఉంటుంది. పుకారు పుట్టించవచ్చు, సగం నిజం చెప్పవచ్చు, తన నివేదికను ముందుగా ఒకరిద్దరికి చూపి వాళ్లతో లాభం పంచుకోవచ్చు. లెమేర్ మీద వచ్చిన ఆరోపణ అదే. 2023 తర్వాత వచ్చిందీ అదే.

కృష్ణపట్నం రేవును 2008లో నవయుగ సంస్థ ప్రారంభించింది. 2020 అక్టోబరులో అందులో 75 శాతం అదానీ పోర్ట్స్ కొనుక్కుంది. అప్పుడు రేవు మొత్తానికి కట్టిన విలువ 12,000 కోట్లు. మిగిలిన 25 శాతాన్ని 2021లో 2,800 కోట్లకు తీసుకుంది. 2023 జనవరి 24న, లెమేర్ అర్జీ తేదీనే, న్యూయార్క్‌లోని హిండెన్‌బర్గ్ రీసెర్చ్ అదానీ గ్రూపు మీద నివేదిక విడుదల చేసింది. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. అమెరికాలో చలామణీ అయ్యే బాండ్లలోనూ, భారత్ వెలుపలి డెరివేటివ్స్‌లోనూ తాము షార్ట్‌లో ఉన్నామని ఆ సంస్థ మొదటే చెప్పింది. ఆరోపణలన్నిటినీ అదానీ గ్రూపు ఖండించింది. 760 రూపాయల దరి ఉన్న అదానీ పోర్ట్స్ షేరు ఫిబ్రవరి 3న ఒక దశలో 400 దిగువకు పోయింది. అదానీ ఎంటర్‌ప్రైజెస్ 20,000 కోట్ల పబ్లిక్ ఆఫర్‌ను ఉపసంహరించుకుంది. ఏడాది తిరగకముందే పోర్ట్స్ షేరు వెయ్యి దాటింది. ఫిబ్రవరిలో భయపడి అమ్ముకున్న చిన్న మదుపరి పోగొట్టుకున్నాడు, ఆగినవాడు గట్టెక్కాడు.

ఆ తర్వాతి ఘట్టాలు కాగితాల మీద నడిచాయి. సుప్రీంకోర్టు 2023 మార్చిలో జస్టిస్ సప్రే నాయకత్వాన కమిటీ వేసింది. 2024 జనవరి 3న తీర్పునిస్తూ, దర్యాప్తును సెబీ చేతుల్లోనే ఉంచి, షార్ట్ సెల్లింగ్‌లో చట్ట ఉల్లంఘన జరిగిందేమో చూడమంది. ఆ ఏడాది జూన్‌లో సెబీ హిండెన్‌బర్గ్‌కు నోటీసు పంపింది. నివేదిక ముసాయిదా ముందుగానే కింగ్డన్ క్యాపిటల్ అనే అమెరికా సంస్థకు చేరిందనీ, దానితో ముడిపడిన నిధి అదానీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యూచర్స్ అమ్మి దాదాపు 183 కోట్లు సంపాదించిందనీ అందులో అభియోగం. హిండెన్‌బర్గ్ దాన్ని తిరస్కరించింది, 2025 జనవరిలో సంస్థనే మూసేస్తున్నట్టు ప్రకటించింది. 2025 సెప్టెంబరు 18న సెబీ రెండు తుది ఉత్తర్వుల్లో అదానీ పోర్ట్స్, అదానీ పవర్ తదితరుల మీద వచ్చిన కొన్ని ఆరోపణలను కొట్టివేసింది. ఆ లావాదేవీలు అప్పటి నిబంధనల ప్రకారం సంబంధిత పార్టీల లావాదేవీల కిందికి రావనీ, అప్పులు తిరిగి చెల్లించారనీ తేల్చింది.

ఒకటి గమనించాలి. 1610లో ప్రభుత్వం అమ్మినవాణ్ని కట్టడి చేసి, లెక్కల ప్రశ్నను పక్కనపెట్టింది. ఈసారి కనీసం రెండు ఫైళ్లూ తెరుచుకున్నాయి. కంపెనీ మీదా విచారణ సాగింది, అమ్మినవాడి మీదా సాగింది. తీర్పులు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, నాలుగు శతాబ్దాల్లో వచ్చిన మార్పు ఇది. నేను దీన్ని తక్కువగా చూడను.

నేటి నిబంధనల్లో నేకెడ్ షార్ట్ సెల్లింగ్‌కు చోటు లేదు. 2007 డిసెంబరులో సెబీ సంస్థాగత మదుపరులకూ షార్ట్ సెల్లింగ్ అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చి, 2008 ఏప్రిల్ 21 నుంచి షేర్లు అప్పు ఇచ్చిపుచ్చుకునే ఎస్‌ఎల్‌బీ పద్ధతి తెచ్చింది. అందులో క్లియరింగ్ సంస్థ మధ్యవర్తి. అప్పిచ్చినవాడికి రుసుము వస్తుంది, మధ్యలో డివిడెండ్ ప్రకటిస్తే అదీ అతనికే చేరుతుంది. అప్పు తీసుకున్నవాడు మార్జిన్ కట్టాలి. సంస్థలు అమ్మేముందే అది షార్ట్ అని చెప్పాలి, సామాన్య మదుపరి ఆ రోజు ట్రేడింగ్ ముగిసేలోగా చెప్పాలి. అప్పగించలేనివాడి తరఫున ఎక్స్చేంజి వేలంలో కొని ఇస్తుంది, ఆ ఖర్చు అతని నెత్తిన పడుతుంది. పొద్దున అమ్మి మూడున్నరలోగా కొందామనుకున్న కుర్రవాడికి, షేరు అప్పర్ సర్క్యూట్ తాకి అమ్మేవాడే దొరక్కపోతే ఆ వేలం దెబ్బ ఎలా ఉంటుందో అనుభవంలో తెలుస్తుంది. ఇక ఫ్యూచర్స్, ఆప్షన్ల సంగతి: 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే చెప్పింది. ఫోన్‌లో షార్ట్ కొట్టే తీరప్రాంతపు పిల్లలకు ఈ అంకె తెలియాలి. లెక్కల పుస్తకం చదివి నెలలు తవ్వి అమ్మడం ఒక పని, తెర మీద గీత చూసి అమ్మడం మరొక పని. మొదటిదానికి ఉన్న సమర్థన రెండోదానికి లేదు.

ఎస్‌ఎల్‌బీ ఇన్నేళ్లయినా పలుచగానే నడుస్తోంది. 2025 నవంబరులో సెబీ అధ్యక్షుడు తుహిన్ కాంత పాండే, షార్ట్ సెల్లింగ్‌నూ షేర్ల అప్పునూ సమగ్రంగా సమీక్షిస్తామన్నారు. ఆ సమీక్షలో తేలాల్సినవి నా దృష్టిలో రెండు. కంపెనీ మీద నివేదిక రాసేవాడు, అది తీసిపారేసేదైనా మోసేదైనా, ఆ షేరులో తనకూ, దాన్ని ముందుగా చదివినవారికీ ఎంత పందెం ఉందో మొదటి పేజీలోనే రాయాలి. కొనమని సలహా ఇచ్చేవాడికి కూడా ఇదే నియమం వర్తించాలి, ఎందుకంటే 1990లలో రొయ్య బొమ్మ వేసి కొనమన్నవాళ్ల దగ్గర అలాంటి కాగితం ఎవరూ అడగలేదు. రెండోది, ఏ షేరులో ఎంత షార్ట్ ఉందన్న లెక్క ఇప్పుడు ఎక్స్చేంజి వెబ్‌సైట్లలో వారానికోసారి ఇంగ్లీషు పట్టికల్లో వస్తోంది. అది రోజూ రావాలి, మన భాషల్లో రావాలి, ఆ పక్కనే ఫ్యూచర్స్‌లోని అమ్మకాల పరిమాణం కూడా ఉండాలి. మైపాడు రోడ్డు మీద డీమ్యాట్ ఖాతా ఉన్న రైతు తన దగ్గరున్న షేరును ఎవరో పెద్ద ఎత్తున అమ్ముతున్నారని చూసి, ఎందుకు అమ్ముతున్నారని అడగగలగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత మాత్రం కంపెనీదే.